పడవ అడుగున పరాయి గుల్ల

ఇప్పుడా అండీ రావడం, జ్యోతిర్మయి మేడంగారూ! పొద్దుట్నించీ మూడుసార్లు ఫోన్ చేశాను. ఒంగోలు నించి కొత్తపట్నం ఎంత దూరమని? గ్రానైట్ లారీల వెనక ఇరుక్కుపోయారా? సర్లెండి, ఈ చెక్క మీద కూర్చోండి.

మీ మత్స్యశాఖ మీటింగులో ఒక ఫోటో చూపించారు, గుర్తుందా? గోరంత నల్లగుల్ల. పరాయి సముద్రాలనించి ఓడల అడుగున అంటుకొస్తుందీ, ఏట్లో పడిందంటే మన గుల్లల్ని బతకనివ్వదూ అన్నారే! అదేనండీ. మా గుమ్మంలోకే వచ్చింది!

మా ఆయన బుల్లయ్య లేడూ, ఎక్కడో దూరం రేవులో పాత ఫైబర్ పడవ కొన్నాడు. తెచ్చి ఈ ఉప్పుటేట్లో కట్టాడు. అడుగంతా గుత్తులు గుత్తులు, ద్రాక్షపళ్లల్లే!

"ఒసేయ్ గురవమ్మా, ఇక్కడే నీళ్లలో గోకేస్తే పోలా?" అన్నాడు. నేనూరుకుంటానా? "ఇంతమంది ఆడోళ్ల కూడు ఏట్లో కలుపుతావా? ఒడ్డున గోకు!" అని పడవ కట్టిన మోకు పట్టుకు కూర్చున్నాను. పోటు తగ్గి నీళ్లు తీసినప్పుడు మేం గుల్లలు ఏరుకునేది ఇక్కడే కదండీ మరి!

తర్వాతా? మిరప టిక్కీలు, అదేనండీ బస్తాలు, తోలే సుభానీని బతిమాలాను. ట్రాక్టర్ తెచ్చి పడవని ఇసక మీదికి లాగాడు. "అక్కా, మిరపకాయలు లాగాను, పత్తి లాగాను, పడవని లాగడం ఇదే మొదలు!" అని ఒకటే నవ్వు. ఆడోళ్లం కొడవళ్లూ గరిటెలూ పట్టుకుని రెండ్రోజులు గోకాం. నీళ్లకి దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం. మా ఆయన కూడా పలుగు పట్టాడండోయ్!

ఏంటీ, శభాషా? ఆగండాగండి. అప్పుడే మెచ్చుకోబాకండి.

పడవొచ్చిన పూట ఆయన అన్నం తింటుంటే, శుభ్రం చేద్దామని నేనే గోకడం మొదలెట్టానండీ. ఒక తట్టెడు గోకి, ఇదిగో, ఈ ఏట్లోనే గుమ్మరించాను! గుమ్మరించాక గుర్తొచ్చింది మీ ఫోటో. చీరతోసహా దూకి దొరికినకాడికి దేవాను. అన్నీ వచ్చాయో లేదో గంగమ్మకే తెలియాలి. ఆయన మీద అంత గట్టిగా అరిచింది ఎందుకనుకున్నారు? తప్పు నాదయ్యె!

తిట్టండి, పడతాను. ముందు లేవండి. మోకాటి లోతే ఉన్నాయి నీళ్లు, మిగిలిపోయిన గుల్లలు రేవు కొయ్యలకి అంటుకోకముందే వెతుకుదాం.

అయ్యో, మీరలా నవ్వకండి మేడంగారూ, నాకింకా సిగ్గేస్తోంది!