పాత ఇంటి పాము

కుట్టుమిషను తొక్కుతున్న అక్కకు ఇంటి నుంచి చెల్లెలి ఫోను వచ్చింది.

"అక్కా, ఇంట్లోకి పాము దూరింది. ఒక్కదానివే తొందరగా రా."

"మంచమెక్కి కూర్చో, కదలకు. పెద్దదా?"

"పాత ఇంట్లో చూసేవాళ్లం కదా, అచ్చం అదే."

అక్క కాలు ఆగిపోయింది. పాత ఇంటి పాము! తను వదిలేసి వచ్చిన మొగుణ్ని వాళ్లిద్దరూ చాటుగా పిలుచుకునే పేరది.

"పక్కనే ఉన్నాడా?"

"ఊఁ."

"నా మాట వినబడుతోందా?"

"లేదక్కా."

"చెయ్యి చేసుకునేలా ఉన్నాడా?"

"పడగెత్తే ఉంది."

"ఏడవకే తల్లీ. పోలీసుల్ని వెంటబెట్టుకుని వస్తున్నా. ఒక్కదాన్నే బయల్దేరానని చెప్పు."

"సరే అక్కా."

ఫోను పెట్టేసేలోపే చెల్లెలి గొంతు మళ్లీ వినిపించింది. ఈసారి మాట అక్కతో కాదు.

"ఒక్కతే వస్తోంది, బావా."