దించిన శ్రుతి

మిన్నెసోటా సంతలో వేదిక వెనక గుడారం. ముప్పై ఏళ్ల ఫోక్ రాక్ బ్యాండ్ వాళ్లది. ఎప్పటిలాగే అతని గిటారు ఆమే శ్రుతి చేస్తోంది.

“రేపటి నుంచి నీ చోట హేజెల్ పాడుతుంది,” అన్నాడతను.

“నేనేం తప్పు పాడాను?”

“తప్పని కాదు. కింది స్వరాలు నీకు అందట్లేదు. ఆ పిల్ల గొంతు హాయిగా దిగుతుంది.”

“నీ గొంతు పైకి లేవట్లేదనేగా, ఏటా శ్రుతి కాస్త కాస్త దించుకుంటూ వచ్చాం?”

“బ్యాండ్ కోసమేగా.”

“నేను నోరు మూసుకున్నదీ అందుకే.”

ఆమె ఒక్కో తీగా బిగించి, శ్రుతి పెంచి, గిటారు అతని ముందు పెట్టింది.

“ఇది మన మొదటి రికార్డు శ్రుతి. ఒక్క పల్లవి పాడు. అందుకుంటే నేనే వెళ్లిపోతాను.”

అతను గిటారు ముట్టుకోలేదు.

“హేజెల్‌తో ముందే చెప్పు, వచ్చే ఏడు ఇంకాస్త దిగాలని.”