పచ్చ బాణాల దారి

ఎప్పుడో మూతబడిన బంగారు గని చుట్టూ పెరిగిన అడవిని ఇప్పుడు పార్కు చేశారు. పచ్చ బాణాలు గీసిన కాలిబాట మీద అక్కాచెల్లెళ్లిద్దరే నడుస్తున్నారు.

“మెల్లగా నడవవే చిన్నీ. మోకాళ్లు నావి, నీవి కావు.”

“తీసుకొచ్చింది నువ్వే కదక్కా. అడవిగాలి తగిలితే మనసు కుదుటపడుతుందన్నావు.”

“గాలన్నాను గానీ పరుగనలేదు. ఆ చెయ్యేమిటి, అలా పైకెత్తి పట్టుకున్నావు?”

“దించితే వేళ్లు లాగుతున్నాయి.”

“ఇంకానా? నువ్వు మా ఇంటికొచ్చి నెల కావస్తోందిగా.”

“తలుపు సందులో నీ వేళ్లు పెట్టి చూడు, ఎన్ని నెలలు పడుతుందో.”

“పాపం, మీ ఆయన చూసుకోకుండా తలుపు వేసుంటాడు.”

“మొదటిసారి చూసుకోలేదు. నేను అరిచాక చూశాడు. చూసి మళ్లీ వేశాడు.”

“ఆగాగు, ఇక్కడ బోర్డేదో ఉంది. ‘ఈ దారి గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే చేరుతుంది. నడక ఓ మోస్తరు కష్టం.’ ఓ మోస్తరంటే ఏమిటో?”

“ఆయాసం వస్తుంది, ఏడుపు రాదు.”

“నీ నోటికి మాత్రం ఏమీ కాలేదు. సరే, నడుస్తూ మాట్లాడుకుందాం. ఏమనుకున్నావు మరి?”

“దేని గురించి?”

“దేని గురించేమిటే. ఇంటికి వెళ్లడం గురించి.”

“వెళ్లనని వచ్చినరోజే చెప్పాను.”

“వచ్చినరోజు కోపంలో చెప్పావు. ఇప్పుడు నెమ్మదిగా అడుగుతున్నాను.”

“ఇప్పుడు నెమ్మదిగా చెప్తున్నాను. వెళ్లను.”

“మరి ఎక్కడుంటావు?”

“గది చూసుకుంటాను. మందుల షాపు ఆయన నన్నేమీ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదుగా. ఈ చెయ్యి ఒక్కటి బాగుపడితే చాలు, కౌంటర్లో నిలబడతాను. అప్పటిదాకా నీ ముందుగది...”

“ముందుగది ముందుగది అంటావు. నా కుట్టుమిషను వరండాలోకి పోయింది. మొన్న జల్లు కొడితే, పెళ్లివాళ్ల బట్టలు గుండెలకి హత్తుకుని వంటింట్లోకి పరిగెత్తాను. నేనేమైనా అన్నానా?”

“అనలేదు.”

“మీ బావా ఏమీ అనలేదు.”

“అంటున్నాడు. గోడ పల్చన అక్కా. నిన్న నేను స్నానానికి వెళ్తే ట్యాంకులో నీళ్లన్నీ అయిపోయాయని కూడా అన్నాడు.”

“అంతసేపు చేస్తే అనడా మరి? బట్టలు తెచ్చుకుంటానని మీ ఇంటికి వెళ్లి, ఉత్తచేతులతో వచ్చి, వచ్చీ రాగానే బాత్రూంలో దూరావు. ఇంట్లో ఉన్నాడా అతను?”

“ఉన్నాడు.”

“గొడవపడ్డాడా?”

“ఎప్పటిలాగే.”

“కొట్టాడా?”

“అక్కడ పాత మిషనేదో కనపడుతోంది చూడు. వెళ్లి చూద్దాం రా.”

“అబ్బ, ఎంత ఇనుమో. తుప్పు పట్టింది గానీ ఏనుగంత ఉంది. ఏం రాశారు? ‘గనిలోంచి తీసిన రాయిని ఈ రోకళ్ల కింద పగలూ రాత్రీ దంచేవారు.’ చూశావా చిన్నీ, అంత రాయిని అలా పిండిపిండి చేస్తే గానీ పిసరంత బంగారం బయటపడలేదట. సంసారమూ అంతే. ఓర్చుకుంటే లోపల ఏదో ఒకటి దొరుకుతుంది.”

“రాయినెవరైనా అడిగారా?”

“ఏమని?”

“ఏమీ లేదులే. పద.”

“నేను నీ మంచికే చెప్తున్నాను. అతనిలో మంచి బొత్తిగా లేదంటావా? నీకు జ్వరమొస్తే తెల్లార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాడని నువ్వే చెప్పి మురిసిపోయావు.”

“కూర్చున్నాడు. నిజమే. ఆ జ్వరం ఎందుకొచ్చిందో నీకు చెప్పలేదు.”

“ఎందుకొచ్చింది?”

“వీపు మీద ఇస్త్రీపెట్టె ఆనించాడు. అది చీము పట్టింది.”

“ఎందుకట?”

“చొక్కా మీద మడత సరిగ్గా రాలేదట.”

“ఈ చెట్టేం చెట్టో. బెరడంతా ఎలా ఊడిపోయిందో చూడు.”

“చెట్టు సంగతి తర్వాత. విన్నావా, నేనేమన్నానో?”

“విన్నాను. ఏం చెయ్యమంటావు? ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. బయటికి చెప్పుకోరు, అంతే.”

“మీ ఇంట్లో కూడానా?”

“నా సంగతెందుకిప్పుడు?”

“నీ ముందుపన్ను ఎలా పోయిందక్కా?”

“బాత్రూంలో జారానని చెప్పానుగా.”

“నాకు మెట్ల మీదని చెప్పావు.”

“ఆ, మెట్ల మీదే. రాయుంది, చూసి అడుగెయ్యి.”

“అక్కా.”

“పళ్ల డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్లాడు. మంచి పన్నే కట్టించాడు. ఇప్పుడసలు ఎవరికైనా తెలుస్తుందా? పాతికేళ్లుగా ఇల్లు నిలబడింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నేను కూడా నీలాగే అప్పుడు లేచి వచ్చేసుంటే?”

“వచ్చేసుంటే?”

“ఎవరింటికి వచ్చేదాన్నే? నాకు అక్క లేదుగా.”

“నాకుంది.”

“...ఉందిలే. ఎవరు కాదన్నారు? అటు చూడు, ఎర్రబాణం. అడ్డదారిలా ఉంది. ఇలా వెళ్తే తొందరగా కారు దగ్గరికి చేరిపోతాం.”

“వద్దు. మొత్తం తిరుగుదాం.”

“నా మోకాళ్లే తల్లీ.”

“నా భుజం పట్టుకో. నీతో ఇలా నడిచి ఎన్నాళ్లైందో. చుట్టు పూర్తిగా తిరిగే వెళ్దాం.”

“ఏమిటో నీ సరదా. అయ్యో, అటెక్కడికి? ఆ కంచె దగ్గర్నుంచి ఇవతలికి రా. చిన్నీ, నీకే చెప్పేది.”

“ఊరికే చూస్తున్నానక్కా. గొయ్యి. అడుగు కనపడటం లేదు.”

“అమ్మా, కంచె మీద చెయ్యి వెయ్యకండి. కడ్డీలు వదులైపోయాయి.”

“అదుగో, గార్డుబాబు కూడా అదే చెప్తున్నాడు. నువ్వే చెప్పు నాయనా, మా చెల్లెలు నా మాట వినదు.”

“ఇది పాత గని నోరమ్మా. రాయి వేస్తే ఎప్పటికో గానీ చప్పుడు రాదు. పోయినేడు దూడ ఒకటి పడింది. అప్పట్నుంచే ఈ కంచె.”

“వెంటనే చచ్చిపోయిందా?”

“ఎందుకే ఆ ప్రశ్నలు?”

“లేదమ్మా. మధ్యలో ఏదో గట్టు మీద చిక్కుకుంది. అరుస్తూనే ఉంది. తాళ్ల కోసం పరిగెత్తాం.”

“ఎంతసేపు అరిచింది?”

“చాలాసేపే. తర్వాత అరుపు పోయి మూలుగు మొదలైంది. తాళ్లొచ్చేసరికి అదీ లేదు.”

“మూలుగు మొదలయ్యాక కూడా తీస్తే బతికేదా?”

“ఏమోనమ్మా. బతికేదేమో. మీరు మాత్రం ఇటు రండి. సాయంత్రం గేటు వేసేస్తాం, బాణాలు పట్టుకుని తిన్నగా వెళ్లిపోండి.”

“వస్తాం నాయనా. పద చిన్నీ. ఆ గోతులూ దూడలూ మనకెందుకు? చేతులెందుకలా చల్లబడ్డాయి?”

“చలేస్తోంది.”

“ఈ ఎండలోనా?”

“నువ్వు నాతో ఏదో చెప్పాలనుకుంటున్నావా అక్కా?”

“నేనా? ఏం చెప్పాలి?”

“పొద్దున్నుంచీ నోటిదాకా తెచ్చుకుని మింగేస్తున్నావనిపించింది.”

“నీకన్నీ అలాగే అనిపిస్తాయి. ఏమీ లేదు.”

“ఏమీ లేదా?”

“లేదంటుంటే. ఈ తెల్లదిబ్బ చూడు, ఇసకలా ఉంది. గడ్డిపరకైనా లేదేం దీని మీద?”

“రాయి దంచిన పొడిలో విషం కలిపి బంగారం లాగేవాళ్లట, అక్కడ రాసుంది. మిగిలిందంతా ఇక్కడ పోశారు. ఇక ఏదీ మొలవదు.”

“అన్నీ చావుకబుర్లే ఈ పార్కులో. పిల్లల్నెలా తీసుకొస్తారో. దా, ఈ దిగుడు దిగితే చెట్ల సందులోంచి కార్లు కనపడతాయి.”

“అయితే వచ్చేశామన్నమాట.”

“వచ్చేశాం. చిన్నీ, ఒక్కనిమిషం కూర్చుందాం.”

“చెప్పక్కా.”

“కోప్పడనని మాటిస్తావా?”

“కోపమంతా అయిపోయింది. చెప్పు.”

“కారు దగ్గర అతనుంటాడు. అలా చూడకు. నేనే రమ్మన్నాను. ఇంట్లో అయితే నువ్వు గది తలుపేసుకుంటావు. షాపు దగ్గరైతే నలుగురూ చూస్తారు. ఇక్కడైతే చుట్టు తిరిగి అక్కడికే వస్తాం కదా, చల్లగా ముగ్గురం మాట్లాడుకోవచ్చనుకున్నాను.”

“ఎప్పుడు రమ్మన్నావు?”

“నిన్న మధ్యాహ్నం. నువ్వు బట్టలకని బయలుదేరాక ఫోన్ చేశాను.”

“ఏం చెప్పావు?”

“ఏముంది, మంచిమాటలే.”

“ఏం చెప్పావక్కా?”

“రేపు దాన్ని పార్కుకి తీసుకొస్తాను, చుట్టు తిరిగి వచ్చేసరికి కారు దగ్గర ఉండు, వెంటబెట్టుకు తీసుకెళ్లు అన్నాను.”

“ఇంకా?”

“ఇంకేమీ లేదు.”

“ఇంకా చెప్పావు.”

“...మా ఆయన ఇక ఊరుకోడు, మా ఇంట్లో దానికి చోటు లేదు, అది వస్తానన్నా నేను తలుపు తియ్యను, నువ్వేం భయపడకు, అది నీ దగ్గరికే రావాలి అన్నాను. నీ కాపురం నిలబడాలనే అన్నానే. మీ బావే ఎదురుగా నిలబడి అనిపించాడు. నన్నేం చెయ్యమంటావు?”

“ఫోన్లో ఆయనేమన్నాడు?”

“ఒక్క మాట ఎదురు చెప్పలేదు చిన్నీ. ఎంత మారిపోయాడనుకున్నావు. నేను మాట్లాడినంతసేపూ నోరెత్తలేదు. ఆఖర్న ఏడ్చాడు కూడా.”

“ఏడ్చాడా?”

“సన్నగా ఏడుస్తున్నాడు. నేను విన్నాను. మగవాడు అలా ఏడిస్తే నాకూ కళ్లమ్మట నీళ్లొచ్చాయి. సరే నాయనా, ఊరుకో, రేపు కలుద్దాం అని పెట్టేశాను. లే, పోదాం. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో.”

“కారు దగ్గర ఎవరూ ఉండరక్కా.”

“ఎందుకుండడు? అంతా విన్నాడు, కాదనలేదుగా.”

“విన్నది నేను.”

“ఏమిటీ?”

“బీరువా దగ్గర జుట్టు పట్టుకున్నాడు. వంటింట్లోకి ఈడ్చుకెళ్లాడు. నా ఫోను గోడకేసి కొట్టి, గొంతు మీద కాలు పెట్టాడు. చేతికి కుక్కరు దొరికింది. నిండా నీళ్లున్నాయి అందులో. మోకాలి మీద కొట్టాను. పడ్డాక తల మీద కొట్టాను. కదలకుండా ఉండేదాకా కొట్టాను.”

“చిన్నీ.”

“తర్వాత మూలిగాడు. నువ్వు విన్నది అదే.”

“నువ్వు... ఫోనెత్తింది నువ్వా? మరి మాట్లాడవేమే? అక్కా అని ఒక్క మాట అనలేకపోయావా?”

“అనబోయాను. నువ్వు మాట్లాడటం ఆపలేదు.”

“ఇప్పుడెలా ఉన్నాడు? ఆ? ఎవరినైనా పిలిచావా? ఆస్పత్రికి చెప్పావా?”

“అంబులెన్సుకి చేద్దామనే అక్కా, ఆయన జేబులోంచి ఆ ఫోను తీశాను. నంబరు నొక్కుతుంటే నువ్వు చేశావు. నువ్వు పెట్టేశాక ఇక ఎవరికీ చెయ్యాలనిపించలేదు.”