పొరుగు దిష్టి

అబ్బ, కదలకయ్యా తొషియా! తూర్పుకి తిరుగు. అటు కాదు, గ్యారేజ్ వైపు. ఈ ఉప్పూ ఎండుమిరపకాయలూ ఏంటని చూస్తున్నావా? తినేవి కావులే. నీకు దిష్టి తీస్తున్నాను.

కిందటిసారి ఇంట్లో స్టవ్ మీద కాలిస్తే ఏమైంది? అలారం మోగింది, ఫైర్ ఇంజన్ వచ్చింది, పక్కింట్లోంచి నువ్వు చెప్పుల్లేకుండా మంచులోకి పరిగెత్తావు. ఈ నోవై ఊరంతా నా పరువు పోయింది. అందుకే ఇవాళ పెరట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించాను.

నీకు తెలుగు ముక్క రాదు. అబ్బ, ఎంత సుఖమో! మా ఆయన లక్ష్మీపతికి తెలుగు బ్రహ్మాండంగా వచ్చు, ఏం లాభం? ఎక్కడో షాంటిలీ అనే ఊళ్ళో ప్రాజెక్ట్ అంటూ అక్కడే ఉంటాడు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా" అంటాడు. నువ్వు నయం, తలైనా ఊపుతావు.

అసలు తప్పంతా నా నోటిదే. బేస్‌బాల్ అంటే నాకేం తెలుసు? నిన్ను ఇప్పటికీ బౌలర్ అనే అంటాను. అయినా ఊరుకున్నానా? "మా పక్కింటబ్బాయి బంతి వేస్తే ఎవడి బ్యాట్‌కీ తగలదు" అని మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో టముకు వేశాను. ఆ సాయంత్రమే నిన్ను చితక్కొట్టారు! నేనేమో స్టాండ్స్‌లో పులిహోర డబ్బా పట్టుకుని కూర్చున్నాను, పెళ్ళికొచ్చినట్టు.

పాపం, జపాన్‌లో పేరు తెచ్చుకుని, ఇక్కడ పెద్ద టీమ్‌లో ఆడదామని వచ్చావు. మోచెయ్యి మొరాయించింది. ఆపరేషన్ చేసి, ఈ చిన్న టీమ్‌కి తోసేశారు. బస్సుల్లో ఊళ్ళు తిరిగావు. భుజానికి ఐస్ కట్టుకుని నా వంటింట్లో కూర్చుని పెరుగన్నం తిన్నావు. మళ్ళీ చెయ్యి తిప్పావు. ఇవాళ పెద్ద టీమ్ వాళ్ళు నిన్ను చూడ్డానికొస్తున్నారట. బాగా వేస్తే కాలిఫోర్నియా తీసుకుపోతారు. లేకపోతే ఇంకో సీజన్ ఇక్కడే.

సరే, కళ్ళు మూసుకో. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దారిన పోయేవాళ్ళ దిష్టి... థూ, థూ. ఇదిగో, నిప్పుల్లో వేశాను.

ఏదీ, ఘాటేది? కాస్త దగ్గు చూద్దాం. రావట్లేదా? నాకూ రావట్లేదు! మిరపకాయలు కాలినా ఘాటు రాలేదంటే గట్టి దిష్టే తగిలిందని మా అమ్మమ్మ అనేది.

ఎవరిదంటావు? నీకు అటుపక్క ఇల్లు ఏడాదిగా ఖాళీ, అమ్మకానికి పెట్టారు. ఇక ఇటుపక్క మిగిలిందెవరు?

ఏం చెయ్యను నాయనా! పొద్దున దీపం పెట్టి ఏం మొక్కానో తెలుసా? ఈ పిల్లాడి చెయ్యి చల్లగా ఉండాలి స్వామీ, కానీ ఇవాళ మరీ అంత బాగా వెయ్యనివ్వకు, అని. సిగ్గులేదు నాకు. నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నా మాట వినేదెవరు? ఆవకాయ తిని కళ్ళనీళ్ళు కారుస్తూ "మోర్, ఆంటీ" అనేదెవరు?

అలా తల ఊపకు, నీకేం అర్థమైందని!

ఉండు, లోపలికెళ్ళి ఇంకో గుప్పెడు మిరపకాయలు తెస్తాను. ఇరుగూ పొరుగూ అంటే లాభం లేదు. ఈసారి జ్ఞానప్రసూన దిష్టి అని నా పేరే పెట్టి తీస్తాను.