అర వెనక పెట్టె

పురుగుల నమూనాల గదిని ఇరవై ఏళ్లుగా కనిపెట్టుకుని ఉన్న అటెండరు, మూత పగిలిన పాత పెట్టె ఒకటి తెచ్చి శాస్త్రవేత్త బల్ల మీద పెట్టింది. తల మాత్రం ఎత్తలేకపోయింది.

“ఏంటక్కా ఇది?”

“మీరు నా పేరు పెట్టిన పేడపురుగే సార్. అరవై ఏళ్ల కిందటే ఎవరో పట్టి పేరు పెట్టేశారు. చీటీ చూడండి.”

ఆయన భూతద్దం తీసి పురుగునీ, చీటీనీ చూశాడు.

“అదే. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, మనది చెల్లదు. పత్రికలో అచ్చు కూడా అయిపోయిందే! ఎప్పుడు దొరికింది?”

“ఇలాంటిది ముందే ఉందేమో వెతకమన్నారు కదా, ఆ రోజే.”

“లేదన్నావు!”

“నా పేరు పెడతానన్నారని ఆశపడ్డాను సార్. అర వెనక్కి నెట్టేశాను. పేడపురుగైతేనేం, మా అమ్మమ్మ పేరేనని మనవరాలు బడంతా చాటుకొచ్చింది. దాని మొహం చూడలేకపోతున్నాను.”

ఆయన భూతద్దం పక్కన పెట్టాడు.

“సరేలే అక్కా. నేనే సరిగ్గా చూసుకోలేదని పత్రికకి దిద్దుబాటు రాస్తాను.”

“వద్దు సార్. నేనే దాచానని, నా పేరు పెట్టి మరీ రాయండి. పురుగుకి చెల్లకపోయినా అక్కడ చెల్లుతుంది.”