మొగోని కడుపుల రాళ్లు

“అమ్మమ్మా, నీ కడుపు మీద చిన్న చిన్న మచ్చలే ఉన్నయి. తాతకేమో గంత పొడుగు కోత. ఇద్దరిదీ ఒకటే ఆపరేషన్ గదా?”

ఒకటే బిడ్డా, పిత్తం సంచి తీసుడే. ముందుగాల నాకైంది. నొప్పి లేస్తే ముడుసుకొని పండుకునేదాన్ని. మీ తాతేమనెటోడు? “ఆడోళ్లకు దినామొక నొప్పి.” ఆఖరికి మా చెల్లె, గదే, వేల్పూర్ల ఇచ్చినం జూడు, అది నన్ను బస్సెక్కించి నిజామాబాద్ దవాఖానకు తోల్కపోయింది. స్కానింగ్‌ల రాళ్లని తేలింది. చిన్న బొక్కలు వెట్టి, కెమెరా పంపి తీసిన్రు. జల్దినే ఇంటికొచ్చి పొయ్యి ముట్టించిన.

మీ తాత పసుపు యార్డుల దోస్తులకు చెప్పిండట, “గది ఆడోళ్ల రోగం. మొగోనికి రాళ్లుంటే చేన్ల ఉంటయి, కడుపుల గాదు” అని. మస్తు నవ్విన్రట.

తర్వాత ఆయనకే లేసింది నొప్పి. చెప్తడా? సోడా తాగుడు, వాము నములుడు, “గ్యాస్” అనుడు. ఒక పంట, కాదు కాదు, రెండు పంటలు గట్లనే ఎల్లదీసిండు. కండ్లు పచ్చగైనయి. “గిదేందయ్యా?” అంటే, “పసుపు ఉడకబెడుతున్న గదనే, దుమ్ము వడ్డది” అన్నడు! ఊరంత పసుపే పండిస్తది, ఎవని కండ్లన్న పచ్చగైనయా? నువ్వే చెప్పు.

ఒకనాడు యార్డుల బస్త లేపవోయి, గా బస్త మీదనే వడ్డడు. ఒళ్లంత జ్వరం, ఒణుకుడు. నాకు చేసిన డాక్టరమ్మే జూసింది. “రాళ్లు ఆడోళ్లకే ఎక్కువమ్మా. గని మొగోళ్లు నొప్పి దాసుకొని, ముదిరినంక వస్తరు. సంచి వాసి లివర్‌కు అంటుకుంటది. కెమెరాతోని కాకపోతే కడుపు కోయాలె” అన్నది.

లోపట్కి తీస్కపోయిన్రు. ఎంతకీ బయటికి రాకపాయె. తిట్టుకుంట మొక్కిన, మొక్కుకుంట తిట్టిన. ఆఖరికి డాక్టరమ్మ వచ్చి, “కోయక తప్పలేదు. గని గండం గడిచింది” అన్నది.

నాకైనప్పుడు నేను జల్దినే లేసి తిరిగిన, మీ తాతేమో ఇంటికొచ్చినంక గూడ మంచం దిగనేలేదు. దగ్గితె నొప్పి, నవ్వితె నొప్పి. యార్డు దోస్తులొస్తే మొఖం గోడదిక్కు తిప్పెటోడు. ఇగ నేనూరుకుంటనా? “చేన్ల రాళ్లు గిట్ల నొస్తయా?” అన్న.

గప్పుడు మెల్లగ అడిగిండు, “నీక్కూడ గిట్లనే నొచ్చిందానే?”

“గిట్లనే నొచ్చింది.”

నా చెయ్యి వట్టుకున్నడు. గా ఒక్క మాట ఆయన నోట్లెకెళ్లి రానీకె, డాక్టరమ్మకు గంత పెద్ద కోత కొయ్యాల్సొచ్చింది జూడు.

నీకు నొప్పి లేస్తే నోరిప్పి చెప్పు బిడ్డా. చెప్తే ఇనెటోడు దొరకాలె నీకు. సల్లగుండు.