ఎమెలిన్ అడిగిన పావుగంట

ఎమెలిన్ గురించా? కూర్చో మరి. ఆ కుర్చీ కాదురా, దాని కాలు విరిగింది, ఇటు రా. బడికి ఆవిడ పేరు పెడుతున్నారటగా, మంచిదే. రాసుకుంటావా? రాసుకో, నాకేం. మన ఊరు మనమే నడుపుకోవాలి, మన మాట మనమే చెప్పుకోవాలి అని ముప్పై ఏళ్ళు తిరిగింది. చలికాలం మంచుబండి మీద, ఎండాకాలం పడవలో, సరస్సు చుట్టూ ఏ ఇల్లూ వదల్లేదు. జీతం ఊరి కౌన్సిల్ ఇచ్చేది, తిట్లు అందరూ ఇచ్చేవాళ్ళు. మా ఆవిడైతే, 'ఆవిడకి ఇల్లూ వాకిలీ లేదా, ఎప్పుడూ మన గుమ్మంలోనే!' అనేది. అని, మళ్ళీ తనే టీ పెట్టేది. ఆఁ, ఏం చెప్తున్నా? కుర్రకారు. వాళ్ళని చేపలు కోసే పాకలో కూర్చోబెట్టి, తనూ కోస్తూ మాట్లాడించేది. చేతులు పనిలో ఉంటే మాట దానంతటదే వస్తుందని ఆవిడ లెక్క.

అందులో కోరా అని ఓ పిల్ల. వాళ్ళన్న లెవై చదువుకని దక్షిణాన పట్నం వెళ్ళి, అక్కడ ఏట్లో మునిగి పోయాడు. అప్పట్నుంచీ పిల్ల నలుగురిలో నోరు విప్పలేదు. ఎమెలిన్ మూడేళ్ళు దాని వెనకే పడింది. అప్పుడొచ్చారు ఒట్టావా నుంచి ప్రభుత్వం వాళ్ళు ఇద్దరు. పై తరగతులు కూడా ఇక్కడే పెట్టి బడి మన చేతికిస్తారా, లేక పిల్లల్ని ఎప్పట్లాగే పట్నం పంపాలా, అదీ సంగతి. 'మీ కుర్రాళ్ళ నోటే వింటాం' అన్నారు. మన మీటింగుల్లో గద్ద ఈక ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళదే, వాళ్ళిచ్చేదాకా ఇంకెవరూ నోరెత్తకూడదు, తెలుసుగా. ఎమెలిన్ తీసుకెళ్ళి కోరా చేతిలో పెట్టింది. పిల్ల లేచి నిలబడింది. మాట్లాడదే! ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఒట్టావా ఆయన గడియారం చూసుకుంటున్నాడు. రేవులో నీళ్ళ మీద దిగే విమానం పైలట్ కేకలు, 'మబ్బు పడుతోందయ్యా, ఇప్పుడు లేవకపోతే ఇంక రేపే!' అని. ఊరిపెద్దని అప్పుడు నేనే. బడి చేజారిపోతుందని ఒకటే దడ. ఎమెలిన్ వంక చూశా. ఆవిడ తాపీగా నేల చూస్తూ కూర్చుంది. ఇంక ఆగలేక నేనే లేచి చెయ్యి చాచాను. పిల్ల ఈక ఇచ్చేసి కూర్చుంది. అబ్బో, మాట్లాడాను చూడు! లెవై సంగతి కూడా నేనే చెప్పేశా. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. బడి వచ్చింది.

మర్నాడు ఎమెలిన్ వచ్చింది. తిడుతుందనుకున్నా. టీ తాగి, 'వాళ్ళు రాత్రికి ఉండిపోతే ఏమయ్యేది జోసయా? మన ఇళ్ళల్లో పక్కలు లేవా? ఇంకో పావుగంట ఆగితే పిల్ల మాట్లాడేది' అంది. ఉండమని అడగొచ్చని నాకు తట్టనే లేదురా! కోరా మళ్ళీ ఏ మీటింగుకీ రాలేదు. పాకకి మాత్రం వచ్చేది, చేపలు కోసి వెళ్ళిపోయేది. ఎమెలిన్ పిలుస్తూనే ఉంది, పోయేదాకా.

ఎమెలిన్ని పాతిపెట్టిన రోజు భోజనాల దగ్గర కోరానే వడ్డించింది. దుప్పి మాంసం పులుసు. పక్కన ఎవరూ లేకుండా చూసి అడిగాను, 'ఆ రోజు ఏం చెప్దామనుకున్నావే తల్లీ?' అని. సిగ్గేసిందిరా అడగడానికి, అయినా అడిగా. గరిటె ఆపలేదు. 'మీరు చెప్పేశారుగా బాబాయ్' అంది. ఇంకో రొట్టె వేసి పక్కాయన దగ్గరికి వెళ్ళింది.

పొయ్యిలో కట్టె వెయ్యి, చలేస్తోంది.